రెప్ప మీద నల్ల జిగురు

మధ్యాహ్నం పన్నెండు... సూర్యుడు నడినెత్తిన ఉండవలసిన వేళ! కానీ కాటుకరంగు మేఘాలు ఆకాశాన్ని మింగేశాయి. ఎక్కడో పిడుగు పడింది. పట్టపగలు గుడ్లగూబ కూయకూడదు... కూసింది! ఎదుటి మేడ కిటికీ అంచున కూర్చుని ముమ్మారు కూసింది.

పార్లర్‌లో బ్యూటీషియన్ ఆ కూతను పట్టించుకోలేదు. పొద్దస్తమానం ఒంగి, మూసిన కళ్ళ మీద ఒక్కో రెప్పవెంట్రుకకీ మరో వెంట్రుక అంటించే మనిషికి మెడనొప్పి, నడుంనొప్పి తప్ప వేరే లోకం ఉండదు. రెండు నిమిషాలు నడుం వాలుద్దామనుకుంటుండగా తలుపు తోసుకుని వదిన వచ్చింది.

వదిన సిటీ బస్సు డ్రైవరు. నిన్న సాయంత్రం ఇక్కడే అలాంటి అతుకు వెంట్రుకలు, లాషెస్, పెట్టించుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. రెప్పలు ఉబ్బిపోయాయి. కళ్ళు నిప్పుల్లా ఎర్రబడి ధారగా కారుతున్నాయి.

"మంటెత్తిపోతోందే. ఎదురుగా వచ్చే బస్సు నంబరు కూడా ఆనడం లేదు. కళ్ళు బాగా లేవని తెలిస్తే నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వరు," అంది వదిన.

ఇలాంటప్పుడు చెప్పే మాట ఒకటి ఆ వృత్తిలో అందరి నాలుక చివరా ఉంటుంది. ఏం కాదు, మామూలే, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది... ఆ మాట కోసమే, సరిగ్గా ఆ క్షణాన, ఊరికి ఆ చివర నేలమాళిగలో ఒకడు చెవులు రిక్కించి కూర్చున్నాడు!

పార్లర్లవాళ్ళకు అతను జిగురాయన. సంచీలో నల్ల జిగురు సీసాలతో గుమ్మం గుమ్మం తిరిగే మర్యాదస్తుడు. నిజానికి వాడు క్షుద్రోపాసకుడు! ఆ జిగురులో శ్మశానధూళి కలిపిన పాపాత్ముడు! వాడి ఎదుట రక్తదీపాల వెలుగులో ఒక కపాలం... దాని శూన్యనేత్రాల చుట్టూ పొడవాటి రెప్పవెంట్రుకలు! ఆ ఘోరప్రయోగానికి నియమం ఒక్కటే. జిగురు పెట్టిన మనిషే తన తప్పు దాచి, 'మామూలే' అని అబద్ధమాడాలి. ఆడిన మరుక్షణం ఎదుటి కళ్ళలోని వెలుగు కపాలానికి చేరుతుంది. నూట ఏడుగురి చూపు ఇప్పటికే వాడి వశమైంది. నూట ఎనిమిదోది దక్కితే వాడికిక మరణం లేదు.

బ్యూటీషియన్ నోరు తెరిచింది. అంతలో వదిన కుర్చీ కోసం గాలిలో తడుముకోవడం చూసి, ఆ మాట వదిలేసి కుర్చీ జరిపి ఆమె చేతికి అందించింది.

ఆ ఆలస్యాన్ని మాంత్రికుడు భరించలేకపోయాడు. వదిన తల ఒక్కసారిగా వెనక్కి విరుచుకుంది! ఆమె కంఠం నుంచి ఒక మగగొంతు బొంగురుగా పలికింది...

"మామూలేనని చెప్పు... చెప్పి పంపెయ్. ఆ వెంట్రుకల మీద చెయ్యి వేశావో, దీని చూపు తీసేస్తా."

బ్యూటీషియన్‌కు ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా భయపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆమె దగ్గర అది మిగల్లేదు.

"పొద్దున్నించీ నా మీద అరిచినవాళ్ళు చాలామందే ఉన్నారు. నువ్వూ అరుచుకో," అని వదిన భుజాలు పట్టి పడుకోబెట్టింది. "వదినా, వినపడుతోందా? ఇది మామూలు మంట కాదు. తప్పు నాదే. కొత్త సీసా అది. ముందు రెండు వెంట్రుకలు అంటించి, ఒంటికి పడుతుందో లేదో ఒక రోజు ఆగి చూడాలి. ఒళ్ళు అలిసిపోయి, రేపు మళ్ళీ ఒంగే ఓపిక లేక నిన్ననే కానిచ్చేశాను. నన్ను క్షమించు."

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు! నేలమాళిగలో దీపాలు ఆరిపోయాయి...

ఆమె పని మొదలుపెట్టింది. లాగితే అసలు రెప్పవెంట్రుకలూ ఊడొస్తాయి. అందుకని జిగురు కరిగించే క్రీము అతుకు మీద మాత్రం రాసి, కంట్లోకి పోకుండా ఒక్కొక్కటీ జారుస్తోంది. ఇక్కడ ఒకటి ఊడినప్పుడల్లా అక్కడ కపాలం నుంచి ఒక వెంట్రుక లేచి, మాంత్రికుడి కంటికే అతుక్కుంటోంది! వాడు పీక్కున్నాడు, గింగిరాలు తిరిగాడు, మంత్రాలు మర్చిపోయి అమ్మా అన్నాడు. జిగురు మాత్రం నాణ్యమైనదే. గంటన్నర తర్వాత చివరి వెంట్రుక జారింది. కపాలం భళ్ళున పగిలింది... వాడున్న చోట గుప్పెడు మసి మిగిలింది! ఊళ్ళో ఆ నూట ఏడుగురు ఆడవాళ్ళు ఎందుకో తెలియకుండానే తలెత్తి, కిటికీలోంచి బయటికి చూశారు.

ఆమె మంచినీళ్ళతో కళ్ళు కడిగి, వదినను పక్కవీధి కంటి డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్ళింది. డాక్టరు చుక్కలు వేశాడు. చూపుకేమీ కాలేదని, వారం దాకా బస్సు నడపవద్దని చెప్పాడు.

బయట బల్ల మీద వదిన మెల్లగా కళ్ళు తెరిచింది. తిడుతుందని బ్యూటీషియన్ తల దించుకుంది. వదిన ఆమె గడ్డం పట్టి ఎత్తి, కళ్ళలోకి చూసింది.

"నీ కళ్ళు నాకంటే ఎర్రగా ఉన్నాయే. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

బ్యూటీషియన్ లెక్కపెట్టబోయి, ఏడ్చేసింది.