చుట్టానికి టెంక

మామిడి టెంక ఎవరిదన్న దగ్గర పొద్దున్నే మొగుడూ పెళ్లాలకు మాటా మాటా పెరిగింది. పండు కోసినవాళ్లదే టెంక అన్నది ఆ ఇంటి కట్టుబాటు. వరాలమ్మకు షుగరు వచ్చినప్పటి నుంచీ కోసేది ఆమె, చీకేది కూర్మయ్య. ఈ ఏడు సువర్ణరేఖ బుట్ట దిగగానే ఆమె తన టెంక తనకు కావాలంది.

"మందెక్కించి నెల్లాళ్లు కాలేదు. తొందరేటి నీకు?" అన్నాడు కూర్మయ్య.

"ఇన్నేళ్లూ నా వాటా చీకింది నువ్వు. తొందర ఎవరిది మావా?"

కోడలు నీహారిక నవ్వాపుకుంటూ పళ్లు నీళ్లలో వేసింది.

వరాలమ్మ కాలేయం ఇప్పుడు కొత్త పని నేర్చింది. జన్యువైద్యం చేసే బీజశాలలో ఎక్కించిన జన్యువు రక్తంలో తీపిని పసిగట్టి, కావలసినంత ఇన్సులిన్ అక్కడే తయారు చేయిస్తోంది. ఇక అందరిలాగే తినమని డాక్టరమ్మ చెప్పింది. అడ్డమల్లా వంటింట్లో తిండి పంచే యంత్రం, పాకకావలే. బల్ల మీద చెయ్యి ఆనిస్తే ఒంట్లో తీపి కొలిచి, ఆ కొలతను బట్టే మనిషిని గుర్తుపట్టి, ఎవరి కంచంలో ఏది పడాలో అదే తేలుస్తుంది. బీజశాల నుంచి కొత్త కబురు రానిదే వరాలమ్మకు తీపి పెట్టొద్దన్న పాత ఆజ్ఞ విడవదు. ఆమె చేతికి పళ్లూ మిఠాయిలూ ఉండే తీపి అర తెరుచుకోక ఏళ్లయింది.

మధ్యాహ్నం పళ్లు కోస్తూ కోస్తూ వరాలమ్మ రెండు చెక్కలు నోట్లో వేసుకుంది. కావలి చూసి లెక్క రాసుకుంది. పెరుగన్నం వేళకు ఆమె బల్ల మీద చెయ్యి పెట్టేసరికి కూర్మయ్య ముద్ద కంచంలోనే వదిలేసి కావలి వంక చూశాడు. తీపి దిగకపోతే మళ్లీ సూదులే, మళ్లీ వేరే కంచమే.

కావలి చాలాసేపు కొలిచింది.

"పండు తిన్నా తీపి నిలవలేదు. ఈ చెయ్యి వరాలమ్మది కాదు. చుట్టం వచ్చినట్టుంది, దయచేయండి."

తీపి అర బార్లా తెరుచుకుంది. కూర్మయ్యకు నవ్వుతో పొలమారింది. కళ్లు తుడుచుకుంటూ, అరలోంచి అన్నిటికన్నా పెద్ద టెంక తీసి తనే ఆమె కంచంలో వేశాడు.

పేరు చెబితే మళ్లీ గుర్తు పడుతుందని నీహారిక గుర్తు చేసింది. కావలి కూడా అదే అడిగింది: వరాలమ్మ అయితే పేరు చెప్పాలి, కబురు వచ్చేదాకా పాత ఆజ్ఞే చెల్లుతుంది. అంటూనే అరను సగం మూసింది.

వరాలమ్మ టెంక అందుకుంది. రసం మోచేతి దాకా కారింది. కావలి మూడోసారి పేరు అడిగేదాకా తీరిగ్గా చీకి, అప్పుడు అందరి వంకా చూసింది.

"పేరు చెప్పను. ఇవాళ్టి నుంచి ఈ ఇంటికి నాను చుట్టాన్నే. చుట్టాల చేత అంట్లు తోమిస్తారేటి, మావా?"