అర ఫ్యాను లెక్క

బడి ముందు జీపు ఆగింది గానీ ఇంజను ఆగలేదు. నల్లటి పొగ వరండాలోకి వచ్చి, సైన్సు టీచరు పొద్దున్నే అతికించిన ‘పొగ తగ్గిద్దాం’ అనే సర్కారు పోస్టరు మీదే వాలింది.

దిగినవాడు కుర్రాడే. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. బడుల్లో కర్బన ఉద్గారాల తగ్గింపు పథకానికి తనిఖీ అధికారి.

“ముందు ఆ ఇంజను ఆపించండి సార్. మీ పొగ మా లెక్కలో పడుతుంది,” అంది టీచరు.

డ్రైవరు నవ్వు దాచుకుంటూ తాళం తిప్పాడు. పిల్లలు అప్పటికే అధికారికి ‘జీపు సారు’ అని పేరు పెట్టేశారు.

“పోయిన ఏడాదికన్నా పాతిక శాతం కరెంటు తగ్గించాలి మేడమ్. మీరు తగ్గించింది సున్నా.”

“మాకున్నవి రెండు ఫ్యాన్లు. పాతిక శాతమంటే అర ఫ్యాను. ఏ రెక్క ఆపమంటారు?”

“రూల్ అది. టౌన్ స్కూలు చూడండి, ముప్పై శాతం తగ్గించి ఫస్ట్ వచ్చింది.”

“నలభై ఏసీల్లో పన్నెండు ఆపితే రాదేమిటి? తిని బలిసినవాడు ఒక పూట మానేస్తే దండలేస్తారు. పుట్టినప్పటినుంచీ పస్తులున్నవాడికి సున్నా!”

వంటగదిలోంచి పెద్దమ్మ తొంగి చూసింది. టీచరుకు సొంత పెద్దమ్మ, బడికి వంటమనిషి. “చూస్తే చదువుకున్నవాడిలాగే ఉన్నాడు, పాపం,” అంది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. చివరి కాగితం మాత్రం గొంతు తగ్గించి చదివాడు. తగ్గించని బడిని టౌన్ స్కూల్లో కలిపేస్తారు. పిల్లలకు బస్సు. టీచరుకు బదిలీ.

టీచరు ఐదేళ్లుగా తను సున్నం వేయించుకున్న గోడల వంక చూసింది.

“అరవై రెండు మంది నడిచి వస్తున్నారు సార్. వాళ్లను డీజిల్ బస్సెక్కించి, పొగ తగ్గించామని రాసుకుంటారా?”

“నడకకు ఫారంలో గడి లేదు మేడమ్.”

“లేకపోతే గీసుకోండి. స్కేలు నేనిస్తాను.”

అంతలో పొద్దుటి వాన మళ్లీ అందుకుంది. జీపు మొరాయించింది. చేసేది లేక అతను వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం చెబుతూనే టీచరు ఓరకంట గమనించింది: అతను ఫైలు చూడడం లేదు. వరండాలో ఆరని చిన్న చిన్న బురద పాదాల ముద్రలను చూస్తున్నాడు. తరువాత ఒక్కొక్కరినీ పిలిచి, ఎంత దూరం నడుస్తారో అడిగి రాసుకున్నాడు. చివరకు స్కేలు కోసం చెయ్యి చాచాడు.

“గీత వంకరపోయింది,” అంది టీచరు.

“చలికి చెయ్యి వణికింది.”

“ఫ్యాను ఆపనా? పాతిక శాతం కూడా కలిసొస్తుంది.”

అతను మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఇన్ని తిట్లు దండగ చేశానా అని ఆమెకు అనుమానం వచ్చింది.

నెల తిరిగేసరికి ఆర్డరు వచ్చింది. బడి ఉంటుంది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుంది కాబట్టి పై ఆఫీసు ఇంకో సర్క్యులర్ తీసింది: ప్రతి బడీ నడిచివచ్చేవాళ్ల రిజిస్టరు రోజూ కార్బను పేపరు పెట్టి మూడు కాపీల్లో రాయాలి. పొగ తగ్గించినందుకు ఈ బడికి ఒక షీల్డు. అరచేతంత షీల్డు, దాన్ని మోసుకొచ్చింది మాత్రం పెద్ద లారీ!

లారీ పొగ చెదిరాక, వెనకాల బురద బూట్లతో ఒక మనిషి.

“జీపేదీ సార్?”

“లాక్కున్నారు. ఎదురు లెక్క రాసినందుకు పక్క ఊరి ఆఫీసుకు తోశారు.”

“అయ్యో! నా మూలంగా శిక్ష పడిందా?”

“నాలుగు ఊళ్లు చూపించి ఎంచుకోమన్నారు. ఇక్కడికి నడిచి రాగలిగింది అదొక్కటే. మూడు కిలోమీటర్లు.”

“మళ్లీ తనిఖీకా?”

“కాదు. నెల రోజులుగా నన్నెవరూ సరిగ్గా తిట్టలేదు. మీకు ఇష్టమైతే, రోజూ వచ్చి తినిపోతాను.”

టీచరు తలెత్తలేదు. వంటగదిలోంచి పెద్దమ్మే అందుకుంది. “తిట్లు తినడానికి ఇంత దూరం నడిచొచ్చే అల్లుడు మళ్లీ దొరకడే! కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మను.”

టీచరు రిజిస్టరు తెరిచింది. అరవై రెండు పేర్ల కింద అరవై మూడు వేసి, ‘జీపు సారు’ అని రాసింది. పక్కన ‘నడక’ గడిలో, మూడో కాపీ దాకా పడేలా గట్టిగా నొక్కి టిక్కు పెట్టింది.