పిన్ని జీతానికి తాతయ్య వడ్డీ లెక్క

“అయిపోయింది!” అంటూ శ్రావ్య పెన్ను పక్కన పడేసింది. అన్నం తిన్న చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండానే లెక్క ముగించేసింది. కాగితం మీద పప్పు మరక కూడా పడింది.

ఏడో తరగతి చదివే శ్రావ్య సెలవులకు తెనాలిలో తాతయ్య ఇంటికి వచ్చింది. అక్కడ ఉషశ్రీ పిన్నికి ఒకేసారి రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి బాపట్లలో విత్తనాల కంపెనీ ఆఫీసులో. రెండోది రేపల్లెలో, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో. పిన్ని చదివింది ఆ చదువే. ఏ సంగతో సాయంత్రంలోగా చెప్పేయాలి.

రెండు చోట్లా మొదటి జీతం ఇరవై వేలే. బాపట్లలో ఏటా రెండు వేల ఐదొందలు పెంచుతారు. రేపల్లెలో ఏటా పది శాతం పెంచుతారు.

“ఇరవై వేలకి పది శాతం అంటే రెండు వేలు. ఏటా రెండు వేలే! ఎన్నేళ్లయినా బాపట్లే ఎక్కువ పిన్నీ.”

“శభాష్ తల్లీ! చిటికెలో తేల్చేశావు,” అన్నాడు తాతయ్య హనుమంతరావు.

శ్రావ్యకు శాతాలు నేర్పింది ఆయనే. ఆయనకు తెలిసినవన్నీ ఊళ్లో అప్పుల లెక్కలు. ఎన్నేళ్లు గడిచినా వడ్డీ మొదట ఇచ్చిన అసలు మీదే లెక్క కట్టేవాడు.

పిన్ని మొహం చిన్నబోయింది. “ఆ ల్యాబు మీద మనసు పడ్డాను. ఎప్పటికీ తక్కువే అయితే ఎందుకులే. రానని చెప్పేస్తాను,” అని ఫోన్ తీసింది. “పాపం, ఆ ల్యాబులోనే చేసే నా స్నేహితురాలు భవాని! ఇద్దరం కలిసి పనిచేయొచ్చని సంబరపడింది. దానికి అక్కడ మొదటిసారి రెండు వేలు పెంచారంట, రెండోసారి రెండు వేల రెండొందలంట.”

రెండు వేల రెండొందలా? శ్రావ్య కాగితం వైపు చూసింది. రెండో ఏడు జీతం ఇరవై రెండు వేలు. పది శాతం దాని మీద కట్టాలి! అప్పుకైతే అసలు కదలదు. జీతానికి ఏటికేడూ అసలు మారిపోతుంది.

తన లెక్క తప్పింది. ఇంకెవరూ గమనించలేదు. నోరు మూసుకుంటే తాతయ్య ఇచ్చిన శభాష్ ఎక్కడికీ పోదు. పిన్ని అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

“పిన్నీ, ఆగు! నేను లెక్క తప్పు కట్టాను.”

“తప్పేంటే?” అన్నాడు తాతయ్య.

“ఇది అప్పు కాదు తాతయ్యా, జీతం. పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది.”

తాతయ్య కాసేపు ఆలోచించి, నుదురు కొట్టుకుని నవ్వేశాడు. “ఓసి నీ! పిన్ని జీతానికి నా వడ్డీ లెక్క పెట్టామటే!”

శ్రావ్య చెయ్యి కడుక్కుని వచ్చింది. రెండు కాగితాలు తెచ్చి ఒకటి పిన్నికి ఇచ్చింది. “నువ్వూ లెక్క కట్టు పిన్నీ. ఇద్దరికీ ఒకటే వస్తేనే నమ్ముదాం.”

ఈసారి శ్రావ్య తొందరపడలేదు. ఆరో ఏడు దాకా బాపట్లదే పైచేయి. ఏడో ఏడు బాపట్ల జీతం ముప్ఫై ఐదు వేలు. రేపల్లె జీతం ముప్ఫై ఐదు వేల నాలుగొందలు దాటింది. ఆ పైన తేడా ఏటేటా పెరుగుతూ పోయింది. ఇద్దరి కాగితాల్లోనూ అవే అంకెలు.

“మరి ఎక్కడ చేరమంటావు?” అంది పిన్ని.

నోటి దాకా వచ్చిన జవాబును శ్రావ్య మింగేసింది. “ఎన్నేళ్లు చేస్తావో, ఏ పని ఇష్టమో నీకే కదా తెలుసు పిన్నీ!”

పిన్ని దాని బుగ్గ గిల్లి, ఫోన్ కలిపింది. “సార్, తెనాలి నుంచి ఉషశ్రీనండి. ల్యాబులో చేరతానండి.”