రంగు మారని సీసా

ఉదయం తొమ్మిదింటికి నిఘా బ్యూరో కెమిస్టును అతని ల్యాబ్‌లోనే ఎవరో కాల్చి చంపారు. పదింటికల్లా ఏజెంట్ గోరింక బాస్ ఎదుట నిలబడ్డాడు.

"ఒంటిగంటకు లంచ్. రెండు దేశాలూ విషాయుధాల నిషేధం మీద సంతకాలు పెడతాయి," అన్నాడు బాస్. "ఆ సంతకాలు పడకుండా ఒక విదేశీ ముఠా మంచినీళ్ళలో విషం కలపబోతోంది. రంగుండదు, రుచుండదు. తాగిన ఆరు గంటలకు ఊపిరాగిపోతుంది. విరుగుడు లేదు."

"సంతకం పెట్టే మన బృందానికి పెద్ద ఎవరు సార్?"

బాస్ కళ్ళు దించుకున్నాడు. "మీ అక్కయ్య."

తల్లి పోయాక గోరింకను పెంచి పెద్దచేసింది ఆ అక్కే.

అప్పుడు తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చింది. చనిపోయిన కెమిస్టుకు అసిస్టెంటు. చూపు తిప్పుకోలేనంత అందగత్తె. కాటుక చెదరకుండా ఏడ్చినట్టుంది. బొటనవేలంత సీసా ఒకటి బల్ల మీద పెట్టింది. లోపల ఎర్రటి ద్రవం.

"ఇందులో ఉన్నవి బంగారు నానో రేణువులు. విడివిడిగా ఉన్నంతసేపూ ఎర్రగానే కనబడతాయి. వాటికి ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు తొడిగాం. ఆ విషప్రోటీన్ తగిలిందా, గుంపు కట్టేస్తాయి. వెంటనే నీలం రంగొస్తుంది. మా సార్ చేసినవాటిలో మిగిలింది ఇదొక్కటే."

"మంచినీళ్ళు తప్ప ఇంకేం పొయ్యకు," హెచ్చరించాడు బాస్. "కాస్త ఉప్పు ఎక్కువైనా చాలు, విషం లేకపోయినా నీలమైపోతుంది. పోయినేడాది గిన్నెడు సూప్‌కి హడలిపోయి హోటలంతా ఖాళీ చేయించాం. పరువు పోయింది. నీళ్ళు బాగుంటే 'ఎండ' అను. తేడా ఉంటే 'వాన'."

పన్నెండూ యాభై. హాలు పక్క ప్యాంట్రీలో గోరింక సర్వర్ వేషంలో ఉన్నాడు. తెల్ల కోటు, అతికించిన మీసం, గుండీలో మైకు. జగ్గులోంచి పది చుక్కలు సీసాలో వేసి వంద లెక్కపెట్టాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"ఎండ," అన్నాడు గుండీతో. జగ్గులు హాల్లోకి వెళ్ళిపోయాయి. పొద్దుటి నుంచి గుండె మీదున్న బరువు దిగింది.

సీసాకు మూత పెట్టబోతుండగా సూప్ గిన్నెలు మోసుకొస్తున్న సర్వర్ మోచేయి తగిలింది. వేడి సూప్ గోరింక చేతి మీదా, సీసాలోనూ ఒలికింది.

"అడ్డంగా నిలబడతావేంటయ్యా!" విసుక్కుంటూ పోయాడు సర్వర్.

ఉన్న ఒక్క సీసా పాడైపోయిందని గోరింక ఉసూరుమన్నాడు. కాలిన వేలు నోట్లో పెట్టుకున్నాడు. వంటవాడిది చెయ్యా, ఉప్పు బస్తానా! సీసాను సింకులో పారేయబోయి ఆగిపోయాడు.

అది ఇంకా ఎర్రగానే ఉంది.

ఇంత ఉప్పు పడితే విషం ఉన్నా లేకపోయినా నీలం కావాలి. కాలేదంటే ఇది బంగారం కాదు. ఉత్త రంగునీళ్ళు. అసలు సీసాను మార్చేశారు. మార్చింది తెచ్చిచ్చిన మనిషే.

"వాన! వాన!" అని అరుస్తూ పరుగెత్తాడు.

హాల్లో పన్నెండు గ్లాసులు పైకి లేచాయి. అక్కయ్య గ్లాసు పెదాలదాకా వచ్చేసింది. తలుపు పక్కన పట్టుబట్టల్లో డాక్టరమ్మ. అతిథుల్లో గ్లాసు పట్టుకోనిది ఆమె ఒక్కతే. గోరింకను చూసి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. బయటికొచ్చింది లిప్‌స్టిక్ కాదు.

అతను చేతికందిన ట్రే విసిరాడు. తూటా పైకప్పుకు తగిలింది. అదే ఊపులో బల్ల మీదికి దూకి అక్కయ్య చేతిలో గ్లాసును ఫెడీమని కొట్టాడు.

"ఎవరూ తాగొద్దు!"

గ్లాసులన్నీ బల్ల మీదికి దిగాయి. గార్డులు డాక్టరమ్మను నేలకు అదిమారు.

"ఒక్క చుక్కైనా లోపలికెళ్ళిందా? చెప్పు!" అక్కయ్య భుజాలు కుదిపేస్తూ అడిగాడు.

"లేదు," అందామె. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె అతని కళ్ళలోకి తేరిపార చూసింది. అతని పెదవి మీంచి జారుతున్న మీసాన్ని నొక్కి సరిచేసింది. ఇన్నేళ్ళూ గుమాస్తా ఉద్యోగమని తమ్ముడు చెప్తే నమ్మిన మనిషి.

"సంతకాలు అయ్యేదాకా ఆగు," అంది ఎవరికీ వినబడకుండా. "ఇంటికొచ్చాక నీ పని చెప్తాను."

ముఠా మీద గెలిచిన ఏజెంట్ గోరింక, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ఉండడానికి మరో మిషన్ ఏదైనా ఉందేమోనని బాస్‌ను అడిగాడు.