డెబ్బై టన్నుల సంతకం

“పదకొండింటికి సంతకాలు. ఆలోపు ఆపాలి,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ గడియారం చూసుకున్నాడు. పదీ పావు. చిన్నగా ఉంటాడు, ఏ ఫైల్లోకైనా దూరిపోతాడు కాబట్టి డిపార్ట్‌మెంటంతా అతన్ని గుండుసూది అంటుంది.

సైన్యం నడుపుతున్న మెయిన్ బ్యాటిల్ ట్యాంకుకు నలభై రెండేళ్లు. దాన్ని మార్చడానికి వేసిన కమిటీకి పందొమ్మిదేళ్లు. రెండింటిలో ట్యాంకే కాస్త కదులుతుంది. కొత్త ట్యాంకు యాభై టన్నులు మించకూడదని కమిటీ ఎట్టకేలకు రాసుకుంది; సరిహద్దు నది మీది వంతెన అంతకుమించి మోయదు. దాన్ని ‘డెబ్బైకి తగ్గకూడదు’ అని మార్పించే పనిలో ఉంది ఒక విదేశీ ముఠా. అంత బండది అమ్మేది వాళ్లొక్కరే.

ఆ నది ఒడ్డున ట్యాంకు డ్రైవరు గుండుసూది సొంత తమ్ముడు. కొత్తది వస్తే ముందు ఎక్కేది వాడే. ముందు మునిగేదీ వాడే.

పదిన్నరకల్లా గుండుసూది అతికించిన మీసంతో, కెమెరా దాచిన స్క్రూడ్రైవర్‌తో ప్రొజెక్టర్ మెకానిక్కై కాన్ఫరెన్స్ రూములో ఉన్నాడు. సెంటు వాసన ముందూ, మనిషి వెనకా వచ్చింది కన్సల్టెంట్ మేడమ్. ముఠాలో మన మనిషని రికార్డు.

“లెన్సు మీద దుమ్ముందా?” కోడ్ అడిగాడు.

“దుమ్ము కళ్లలో ఉంది,” అని నవ్వి, కాగితం మార్చేది టైపిస్టని చెవిలో ఊదింది. వెళ్లి చూస్తే టైపిస్టు మార్చింది నిద్రలో పక్క ఒకటే. పావుగంట దండగ.

తిరిగొచ్చి ఫైలు తిప్పాడు. బరువు పేజీ అప్పటికే మారిపోయింది. దాంతోపాటు కొత్తగా టైపు చేసిన చివరి పేజీలో సభ్యుల పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. ఈ ఆఫీసులో టీ కప్పులు కూడా సీనియారిటీ ప్రకారం వస్తాయి. ఇక్కడ పనిచేసినవాడెవడూ ఇలా టైపు చేయడు. బయటి నుంచి వచ్చింది ఒక్క మేడమే.

అంతలో లిప్‌స్టిక్ గొట్టమొకటి అతని పక్కటెముకకు ఆనింది. అందులో ఉన్నది లిప్‌స్టిక్ కాదు, తూటా.

“మెకానిక్ గారూ, మీ పని చూసుకోండి,” అంది తియ్యగా.

కమిటీ వచ్చి కూర్చుంది. పెన్నులు తీసింది. చదవలేదు; చదివే అలవాటు ఎవరికీ లేదు. తమ్ముడి మొహం గుర్తొచ్చి గుండుసూది తెగించాడు. డెబ్బై టన్నులకు వంతెన కూలుతుందని, కుర్రాళ్లు చచ్చిపోతారని గట్టిగా చెప్పేశాడు.

ఛైర్మన్ విసుగ్గా తలెత్తాడు. “వంతెన మన శాఖ కాదయ్యా.”

పెన్ను కాగితానికి ఆనింది. లిప్‌స్టిక్ గొట్టం టిక్కుమంది.

“అలాగే సార్. మీ పేరు ఏడోది. మీ కింద పనిచేసిన కర్నల్ గారిది మొదటిది.”

పెన్ను ఆగింది. బరువంటే కదలని పెద్దమనుషులు పరువనగానే కుర్చీలతో సహా లేచారు. ట్యాంకు మునిగినా ఫరవాలేదు, ర్యాంకు మునగకూడదు. టైపు చేసిందెవరో పట్టుకోమని ఛైర్మన్ గార్డుల్ని పిలిచాడు. మేడమ్ దొరికిపోయింది, దేశద్రోహానికి కాదు, వరుస తప్పినందుకు. ఫైలు వెనక్కి పోయింది. గుండుసూది యాభై టన్నుల పేజీని దగ్గరుండి పెట్టించాడు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, కొత్త ట్యాంకు సంగతేంటి?”

“సబ్‌కమిటీ వేశార్రా.”

“ట్యాంకు మీదా?”

“పేర్ల వరుస మీద. నువ్వు నీ ముసలిదానికి గ్రీజు పెట్టుకో. అదైతే వంతెనైనా దాటుతుంది.”