తెర వెనక పైపు

కృత్రిమ కాళ్ళు చేసే ఆ కార్ఖానాలో మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, వెనక గదిలోంచి ఒక నోట్‌బుక్ మాయమైంది. ముప్ఫై ఏళ్ళ కొలతలూ, కీళ్ళ డిజైన్లూ అందులోనే ఉన్నాయి. కార్ఖానా నడిపే మేస్త్రికి అది ప్రాణం.

గురువారం ఉదయానికల్లా ఇన్‌స్పెక్టర్ దొంగను తేల్చేశాడు. తేల్చింది ఆయన కాదు లెండి, ఆయన గురువు. రిటైరైన డిటెక్టివ్, మేస్త్రికి పాత స్నేహితుడు. ఇన్‌స్పెక్టర్‌కి లాఠీ పట్టడం దగ్గర్నుంచి మీసం దువ్వడం దాకా నేర్పినవాడు. ఆయన దగ్గినా ఇన్‌స్పెక్టర్ డైరీలో రాసుకునేవాడు.

"కాళ్ళకి పాలిష్ పట్టే పనివాడేరా," అన్నాడు గురువు. " రెండేళ్ళు జైల్లో ఉండొచ్చాడు. ఇంకేం కావాలి?"

ఇంకేమీ అక్కర్లేకపోయింది. పాలిష్ పనివాడు తడబడితే భయమన్నాడు ఇన్‌స్పెక్టర్. తడబడకపోతే ఆరితేరాడన్నాడు.

"మీకు ముందు నేను దొరికాను సార్. ఆధారాలు తర్వాత వెతుక్కుంటున్నారు," అన్నాడు పాలిష్ పనివాడు. "ఈసారి లోపలికెళ్తే నా కూతురు నా మొహం చూడదు."

ఆ మాట గుచ్చుకుంది. ఇన్‌స్పెక్టర్ బేడీలు పక్కన పెట్టి వెనక గదికి వెళ్ళాడు. గుమ్మానికి తెర. తీసి అడుగేశాడో లేదో, ఠంగుమంది. పట్టపగలే నక్షత్రాలన్నీ వరస కట్టి నమస్కారం పెట్టాయి.

"అయ్యో సార్, చెప్పడం మర్చిపోయా!" మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. "దుమ్ము లాగే పైపు, తలెత్తున అడ్డంగా ఉంది. సోమవారం సాయంత్రమే బిగించాం. ఒక్కసారి తగిలితే చాలు, రెండోసారి ఎవరికీ చెప్పక్కర్లేదు."

నుదురు రుద్దుకుంటున్న ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగింది. నిన్న గురువుగారి నుదుటి మీద కూడా ఇలాంటి బొప్పే. బాత్రూమ్ తలుపు తగిలిందన్నారు.

కన్నతండ్రిని అనుమానించినంత సిగ్గేసింది. అయినా పైపు విప్పించాడు. తెర అలాగే ఉంచాడు.

సాయంత్రం నాలుగింటికి ముందుగదిలో అందరూ చేరారు.

"గురువుగారూ, మీరు వెనక గదిలోకి ఎప్పుడెళ్ళారు?"

"ఏడాదైందిరా. ఎందుకు?"

"మంగళవారం వెళ్ళలేదా?"

"నన్నే అడుగుతున్నావా?"

"రికార్డు కోసం."

"వెళ్ళలేదు. రాసుకో."

"అయితే లోపలికి రండి, ఒకటి చూపిస్తా."

గురువు ముందు నడిచాడు. తెర తీశాడు. తల వంచి, మోకాళ్ళు మడిచి, లేని పైపు కిందనుంచి దూరాడు.

నిటారుగా నిలబడి పైకి చూశాడు. ఖాళీ.

"మధ్యాహ్నమే విప్పించాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ నోరు ఏడాదంటోంది. మీ మెడ ఈ వారమే అంటోంది. దెబ్బ నేర్పిన పాఠం ఒళ్ళు మర్చిపోదని క్లాసులో చెప్పింది మీరే."

గురువు నుదుటి మీది బొప్పి తడుముకున్నాడు.

"మా అల్లుడు సొంతంగా కార్ఖానా పెడుతున్నాడురా. నోట్‌బుక్ వాడి బీరువాలో ఉంది."

మేస్త్రి గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"మరి ఇతని పేరెందుకు చెప్పారు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నువ్వు నమ్ముతావని," అన్నాడు గురువు. "నేనేం చెప్పినా నమ్మేలా నేనేగా నిన్ను తయారుచేసింది."

ఇన్‌స్పెక్టర్ పాలిష్ పనివాడి వైపు చూడలేకపోయాడు.

బయట జీపు దగ్గర, పదిహేనేళ్ళ అలవాటున, ఆయన చెయ్యి గురువు కోసం ముందు తలుపు తెరిచింది. గురువు కాలు కూడా ఎత్తాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ తలుపు మూశాడు. వెనక తలుపు తెరిచాడు.