తోడేలు కనుమలో 'మీరు' అన్న గొంతు

తోడేలు కనుమ కింద ఒక రాతిగది ఉంది. కొండెక్కేవాళ్ళు చలికి తలదాచుకోవడానికి కట్టింది. లోపల రెండు బల్లలు, ఒక ఇనప పొయ్యి, మూలన ఎవరో చీల్చి పెట్టిపోయిన పుల్లలు. పగటిపూట అందులో కూర్చుని రొట్టె తిననివాళ్ళు బోహిన్ లోయలో లేరు. చీకటి పడ్డాక మాత్రం... ఎంత మంచు కురుస్తున్నా ఆ తలుపు ఎవరూ తట్టరు.

దానికి కారణం ఒక మాట. ఒకే ఒక్క మాట.

వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక అక్కడివాళ్ళు ఎవరినీ 'మీరు' అనరు. మేయరైనా, చర్చి ఫాదరైనా, పళ్ళు పీకే డాక్టరైనా 'నువ్వే'. ఒకే తాడుకు నడుములు కట్టుకున్నవాళ్ళ మధ్య మర్యాదలేమిటని వాళ్ళ ఉద్దేశం. కిందికి దిగాక మళ్ళీ టోపీలు తీసి 'మీరు', 'మీరు' అనుకుంటారు. అది వేరు.

తాతల కాలంలో ఒక జడ్జి రాజధాని ల్యుబ్లియానా నుంచి వచ్చాడట. దారి చూపించేవాణ్ణి 'మీరు' అన్నాడట. సామాను మోసే గాడిదను కూడా 'మీరు కాస్త పక్కకు జరుగుతారా' అన్నాడట. 'నువ్వు' అనవయ్యా అని ఎంత బతిమాలినా నోరు తిరగలేదు. తుఫాను వస్తోందని అందరూ దిగిపోతే ఆయనొక్కడూ ఆ గదిలో ఆగిపోయాడు. వసంతంలో వెళ్ళి తలుపు తీస్తే గది ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. ఆయన లేడు... ఎక్కడా దొరకలేదు.

అప్పటినుంచీ చెప్పుకుంటారు. చీకట్లో అక్కడ నిన్నెవరైనా 'మీరు' అంటే పలకకు. అది బతికున్నవాళ్ళ గొంతు కాదు.

ఆదివారాల్లో కొండెక్కే బృందాన్ని నడిపించే వోయ్కాకు అరవై నాలుగేళ్ళు. ఈ కథ విని పెరిగింది, విని నవ్వేది. ఆ చలికాలం ఆవిడ భయమల్లా మతిమరుపు గురించే.

కారు తాళం ఫ్రిజ్‌లో దొరికిన రోజు ఎవరికీ చెప్పలేదు. కానీ జనవరిలో స్కీల అడుగున అంటించే పట్టీలు ఇంట్లోనే మరిచిపోయి వచ్చింది. ఆ పట్టీలు లేకుండా మంచులో పైకి ఎక్కాలనుకుంటే నూనె రాసిన పెనం మీద నడిచినట్టే. ఆవిడ వెంట వచ్చినవాళ్ళంతా ఉసూరుమంటూ వెనక్కి తిరిగారు. కొండ మధ్యలో విడిది నడిపే మిల్కో, ముప్పై ఏళ్ళు ఆవిడతో ఒకే తాడు మీద ఎక్కినవాడు, మొహం మీదే చెప్పేశాడు. ఇంకొక్కసారి ఏదైనా మరిచిపోతే ఆదివారం బృందాన్ని ఇక తానే నడిపిస్తాడట. ఆవిడ చివర్లో టీ ఫ్లాస్కు మోసుకుంటూ రావచ్చట.

ఇరవై ఏళ్ళుగా ఆదివారాలు ఆవిడవి. అవి పోతే ఇంకేముంది?

ఆ శనివారం పొద్దున ఆవిడ ఒక్కతే వెళ్ళి మర్నాటి దారి చూసుకుంది. రాతిగది గడప ముందు మంచు ఎత్తిపోసి, లోపల కూర్చుని రొట్టె తిని, మిల్కో విడిదికి దిగివచ్చింది. సాయంత్రం సంచి సర్దుకుంటూ ఒక్కొక్కటే లెక్క చూసుకుంది. మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ చెప్పే బీపర్ ఉంది. గుచ్చి వెతికే కడ్డీ ఉంది. పార లేదు. పొద్దున మంచు ఎత్తిపోసి రాతిగదిలోనే వదిలేసి వచ్చింది.

పొద్దున బయల్దేరే ముందు అందరి సంచులూ అందరి ముందూ విప్పించడం అక్కడి రివాజు. పార లేనివాడు కదలడానికి వీల్లేదు. పక్కవాడు మంచు కింద పడితే చేతులతో తవ్వుతావా అని అడుగుతారు. అరువడుగుదామంటే ఉన్నది మిల్కో ఒక్కడే.

స్కీలకు మైనం రాసుకొస్తానని చెప్పి ఆవిడ వెనక తలుపు నుంచి జారుకుంది.

చీకటి పడుతోంది. సన్నగా మంచు మొదలైంది. పొద్దున తను వేసిన స్కీల బాట మీదే ఎక్కుతోంది. కొంతదూరం పోయాక చూస్తే... బాటంతా ఎవరో బూట్లతో తొక్కి గుంతలు చేశారు. ఒకరు వేసిన స్కీల బాటను కాళ్ళతో తొక్కడం అక్కడ విస్తట్లో కాలు పెట్టడం లాంటిది. ఎవడో బుద్ధిలేనివాడని తిట్టుకుంది. ఇంకాస్త ఎక్కాక తిట్లు ఆగిపోయాయి.

గుంతలు ఎక్కినవే ఉన్నాయి.

దిగినవి... లేవు.

తలకు కట్టుకున్న లైటు చలికి మసకబారింది. రాతిగది నల్లగా, కిటికీలో వెలుగు లేకుండా, పొగ గొట్టంలో పొగ లేకుండా కనిపించింది. ఆవిడ ఇరవై అడుగుల దూరంలో ఆగింది. గాలి కూడా ఆగింది.

అప్పుడు, లోపలినుంచి — సన్నగా —

"మీరు... ఒక్క నిమిషం ఆగుతారా?"

పారా వద్దు, ఆదివారమూ వద్దు, కిందికి జారిపోతే చాలనుకుంది. స్కీలు తిప్పింది కూడా. కానీ ఆ గుంతలు కళ్ళముందు నిలిచాయి. దెయ్యానికి బూట్లెందుకు? ఒకవేళ మనిషే అయితే... పొయ్యి వెలగని ఆ గదిలో తెల్లారేసరికి ఏం మిగులుతుంది?

"ఎవర్రా అది?" అంది.

"నేనండీ. మీరు దయచేసి ఈ తలుపు తీస్తారా?"

మళ్ళీ అదే మాట. తేల్చుకోవడానికి ఒక్కటే దారి తోచింది.

"నన్ను 'నువ్వు' అను."



"అలా ఎలా అంటానండీ? గొంతు వింటే పెద్దవారిలా ఉన్నారు."

"అను. లేకపోతే పోతున్నా."

"మా ఇంట్లో అలా పెంచలేదండీ..."

వోయ్కా వెనక్కి తిరిగింది. స్కీలు మంచు మీద కిర్రుమన్నాయి. ఒక అడుగు జారింది. ఇంకో అడుగు —

"ఒసేయ్ ముసలీ! ఎక్కడికే పోతున్నావ్? చచ్చిపోతున్నాను, తలుపు తియ్యవే!"

పుట్టి బుద్ధెరిగాక ఆవిడనెవరూ అంత మర్యాద తక్కువగా పిలవలేదు. అంత చల్లగా ఏ మాటా చెవిన పడలేదు.

తలుపు దగ్గరికి వెళితే సంగతి తెలిసింది. స్కీలను గదికి దూరంగా, మంచులో నిలువునా గుచ్చాలి. లోపలివాడు వాటిని తలుపు పక్కనే గోడకు ఆనించి లోపలికి పోయాడు. అవి జారి, తలుపు పిడికీ రాతిగోడకూ మధ్య అడ్డంగా బిగుసుకుని, మీద మంచు పేరుకుంది. తన స్కీలే తనకు గడియ వేశాయి. ఆవిడ వాటిని ఊడబెరికి తలుపు తోసింది.

లోపల మందులషాపు నడుపుకునే ఒక కుర్రాడు, పేరు తదేయ్, ల్యుబ్లియానావాడు, పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డాడు. హెల్మెట్టు, మంచుగొడ్డలి, బూట్లకు కట్టే ఇనప ముళ్ళు, అన్నీ కొత్తవే. ఆకాశం దాకా ఎక్కడానికి సరిపడా సామానుంది. అగ్గిపెట్టె ఒక్కటి లేదు. పట్టీలు అంటించడం రాక స్కీలు భుజాన వేసుకుని నడిచి వచ్చాడట. చేతిలో మాత్రం వోయ్కా పార ఉంది.

ఆవిడ ముందు పార లాక్కుని సంచిలో పెట్టుకుంది. తర్వాతే టీ ఇచ్చింది.

నెమ్మదిగా, అతన్ని వెనకేసుకుని, విడిదికి చేరేసరికి మిల్కో లాంతరుతో గుమ్మంలోనే ఉన్నాడు. మైనం రాయడానికి ఇంతసేపా అని అడిగాడు. కుర్రాడు దారి తప్పాడని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. వోయ్కా నోటిదాకా వచ్చింది కూడా.

"పార మరిచిపోయాను. దానికోసం పోయాను," అంది.

మిల్కో కుర్రాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. సారా సీసా తీసి మూడు గ్లాసుల్లో పోశాడు. "నువ్వు మరిచిపోకపోయుంటే రేపు వీణ్ణి మోసుకు దిగేవాళ్ళం. రేపు ముందు నువ్వే నడు. కానీ నీ సంచి నేను సర్దుతాను."

"నీది నేను సర్దుతాను. కళ్ళజోడు లేకుండా నీకు కడ్డీకీ గరిటెకీ తేడా తెలియదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ గుండెల మీదనుంచి జనవరి మొత్తం దిగిపోయినట్టయింది.

'నువ్వు' అనే రివాజు చెప్పగానే తదేయ్‌కు హుషారొచ్చింది. ఇద్దరినీ 'నువ్వు' అనడం మొదలుపెట్టాడు. వేడి చారు తాగుతూ, మిల్కోను ఏకంగా 'ఒరేయ్' అని ఉప్పడిగాడు. తర్వాత వోయ్కా వైపు తిరిగాడు.

"నువ్వు నిజంగా వచ్చావు. ఆయన చెప్పినట్టే."

"ఏ ఆయన?"

"మధ్యాహ్నం గదిలో ఉన్న పెద్దాయన. పార నా చేతికిచ్చి, 'ఆవిడ మరిచిపోయే మనిషి కారు, దీనికోసం తిరిగి వస్తారు, అంతదాకా మీ దగ్గర ఉంచండి' అన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి మళ్ళీ చూసేలోపే వెళ్ళిపోయాడు. నీ బృందంలోవాడే కదా?"

వోయ్కా గ్లాసు బల్ల మీద పెట్టేసింది. మిల్కో చాలా మెల్లగా అడిగాడు.

"నిన్ను... 'మీరు' అన్నాడా?"

"ఆఁ. అందుకే కదా," అన్నాడు తదేయ్ చారు ఊదుకుంటూ, "ఇక్కడ అలాగే మాట్లాడాలేమో అనుకున్నాను."